అటక మీద ఎలుకలు, వంటింట్లో చిట్టెలుకలు: ఒకే ఇంట్లో రెండు కేసులు

ఇళ్లలో ఎలుకల నివారణ పని మొదలుపెట్టి నాకు పదహారేళ్లయింది. ఈ కేసు రాస్తున్నది పని బాగా కుదిరిందని చెప్పుకోవడానికి కాదు. మొదటి తొమ్మిది రోజులు నేను తప్పు జంతువు కోసం వెతికాను. ఇళ్లవాళ్లు తరచూ చేసే పొరపాటే అది. అనుభవం ఉన్న నాకూ తప్పలేదు కాబట్టి ఎక్కడ తప్పానో, ఎలా దారిలో పడ్డానో వివరంగా రాస్తున్నాను.

ఇల్లు ఒక పెద్ద వయసు దంపతులది. ముందు గదులు పాతవి, వాటికి తర్వాత ఫాల్స్ సీలింగ్ వేయించారు. వెనక వంటిల్లు, స్టోర్ రూమ్ కొన్నేళ్ల తర్వాత కలిపి కట్టినవి. ఆవిడ ఫోన్ చేసినప్పుడు మొదట అడిగింది ఎలుకల గురించి కాదు. "బాబూ, ఐదు వారాల్లో మా అమ్మాయి నెలల పాపతో వస్తోంది. అప్పటికి ఇల్లు శుభ్రంగా ఉంటుందా లేదా, ఆ ఒక్క మాట చెప్పు" అన్నారు. గొంతులో టెన్షన్ స్పష్టంగా తెలుస్తోంది.

అప్పటికే వాళ్లు చాలా ప్రయత్నించారు. మందు బిళ్లలు పెట్టారు. ఫ్రిజ్ వెనక గమ్ ప్యాడ్‌లు వేశారు. ప్లగ్‌లో పెడితే మనకు వినపడని శబ్దం చేసి ఎలుకలను తరిమేస్తుందని చెప్పే పరికరం కూడా కొన్నారు. మందు పెట్టిన వారం తర్వాత హాలు పైన సీలింగ్‌లో ఎలుక చచ్చి పదకొండు రోజులు కంపు కొట్టిందట. "ఎన్ని చచ్చాయో లెక్కలేదు, మళ్లీ వస్తూనే ఉన్నాయి" అన్నారు పెద్దాయన. ఈ మాట ప్రతి ఇంట్లోనూ వింటాను. చచ్చినవాటిని లెక్కపెట్టడం దగ్గరే అందరూ ఆగిపోతారు. లోపలికి ఎక్కడినుంచి వస్తున్నాయన్నది ఎవరూ వెతకరు.

మొదటి రోజు సీలింగ్ పలక ఒకటి తీసి టార్చి వేసి చూశాను. సుమారు 12 మిల్లీమీటర్ల పొడవున్న పెంటికలు కనిపించాయి, రెండు చివరలా కోసుగా, కాస్త వంపు తిరిగి ఉన్నాయి. దూలం అంచున నల్లగా జిడ్డు మరక ఉంది. ఎలుకలు రోజూ ఒకే దారిలో ఒళ్లు రాసుకుంటూ నడిస్తే పడే మరక అది. ఫ్యాన్ వైరు తొడుగు ఒక చోట కొరికేసి ఉంది. వాటి ముందు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, ఏదో ఒకటి కొరుకుతూ అరగదీసుకోవాలి. రాగి తీగ బయటపడింది కాబట్టి ఆ ఫ్యాన్ వాడొద్దని, ఎలక్ట్రీషియన్‌ను ఆరోజే పిలిపించమని చెప్పాను. పైన ఉన్నది నల్ల ఎలుక. ఒంటికంటే పొడవైన తోక, పెద్ద చెవులు, చెట్లూ పైపులూ తేలిగ్గా ఎక్కే రకం. ఇక్కడిదాకా నా అంచనా సరైనదే.

వంటింట్లో సింక్ కింద అల్మారాలో చిన్న పెంటికలు కనిపించాయి. నాలుగైదు మిల్లీమీటర్లు ఉంటాయి. నేను వాటిని చూసి "పైనున్నవాటి పిల్లలవి" అనేశాను. నా పొరపాటు ఇక్కడే జరిగింది. పెంటికలు చిన్నవైతే జంతువు చిన్నదనే అర్థం, వయసు తక్కువని కాదు. పెద్ద ఎలుక గుర్తులు సీలింగ్‌లో చూశాక నా మనసు ఇంటినంతా ఆ ఒక్క కథలో ఇమిడ్చేసింది.

ఆ సాయంత్రం ఎలుకల సైజు స్ప్రింగు బోనులు, కడ్డీ టపీమని పడేవి, మొత్తం పన్నెండు పెట్టాను. సీలింగ్‌లో ఎనిమిది, వంటింట్లో నాలుగు. అన్నీ మొదటి రాత్రే ఎక్కుపెట్టాను.

తొమ్మిది రాత్రుల్లో సీలింగ్‌లో ఒక్కటీ పడలేదు. ఒక బోను మాత్రం పేలి ఖాళీగా ఉంది. వంటింట్లో అంతకంటే వింత, ఎర మాయమయ్యేది, బోను కదిలేది కాదు. వరసగా మూడు పొద్దులు అదే జరిగినా, బోను మీట బిగుసుకుపోయిందనుకుని నూనె రాశాను. నిజానికి ఆ బోను పని తీరు సరిగ్గానే ఉంది. ఎలుక బరువుకు తగ్గట్టు చేసిన మీట, పదిహేను ఇరవై గ్రాముల జంతువు ఎక్కితే దిగదు. అది ఆ రోజే అర్థమై ఉంటే ఆరు రోజులు కలిసొచ్చేవి.

తొమ్మిదో రోజు పొద్దున ఆవిడ ఫోన్ చేశారు. ఫ్రిజ్ వెనక మర్చిపోయిన పాత గమ్ ప్యాడ్ మీద ఒకటి అంటుకుని అరుస్తోందట. వెళ్లేసరికి ఇంకా బతికే ఉంది. దాన్ని బాధ లేకుండా త్వరగా ముగించాను. గమ్ ప్యాడ్ నేను ఏ ఇంట్లోనూ వాడను. గంటల తరబడి భయంతో గింజుకుని, మూత్రం కార్చుకుని చస్తుంది. అది ఆ జంతువుకూ నరకమే, ఆ మూత్రం ఇంట్లోవాళ్లకూ మంచిది కాదు.

చేతిలో పెట్టుకుని చూశాక విషయం తెలిసింది. ఎలుక పిల్లకు తల, వెనక పాదాలు ఒంటికి పొసగనంత పెద్దగా ఉంటాయి, కుక్కపిల్ల కాళ్లలాగా. దీనికి తల చిన్నది, మూతి కోసుగా ఉంది, పాదాలు సన్నగా ఉన్నాయి. పైగా పొట్ట మీద పాలిచ్చే గుర్తులున్నాయి. ఇది పిల్ల కాదు, పిల్లల తల్లి. పూర్తిగా పెరిగిన చిట్టెలుక. అంటే ఆ ఇంట్లో రెండు వేర్వేరు జాతులు, రెండు వేర్వేరు దారుల్లో కాపురం పెట్టాయి.

రెండింటినీ మనం ఎలుకలనే పిలుస్తాం కానీ వాటి స్వభావాలు పూర్తిగా వేరు. ఎలుకకు కొత్త వస్తువంటే అనుమానం. దారిలో కొత్త బోను కనిపిస్తే రోజుల తరబడి చుట్టూ తిరిగి పోతుంది, ముట్టుకోదు. చిట్టెలుక అలా కాదు, కొత్తది కనిపిస్తే ఆ రాత్రే వచ్చి వాసన చూస్తుంది. ఎలుక తిండికోసం చాలా దూరం పోతుంది. చిట్టెలుక గూడు నుంచి సాధారణంగా కొద్ది మీటర్లు, మూడు నుంచి పది మీటర్ల లోపే తిరుగుతుంది. ఎలుకకు రోజూ నీళ్లు కావాలి. చిట్టెలుక తిండిలోని తేమతోనే నెట్టుకొస్తుంది, కాబట్టి కారే కొళాయి బాగుచేస్తే ఎలుకకు ఇబ్బంది గానీ చిట్టెలుకకు కాదు. ఎలుక ఒకటి రెండు చోట్ల కూర్చుని కడుపునిండా తింటుంది. చిట్టెలుక ఒక్క రాత్రిలో ఇరవై ముప్పై చోట్ల కాస్త కాస్త కొరుకుతుంది. అందుకే చిట్టెలుకకు బోనులు చాలా పెట్టాలి, ఎలుకకు తక్కువ పెట్టి ఓపిక పట్టాలి. నేను రెండింటికీ తిరగేసి చేశాను.

పదో రోజు సాయంత్రం పని మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాను. వంటింటి గోడల వెంట, అల్మారాల అడుగున, స్టోర్ రూమ్ గుమ్మం దగ్గర టాల్కమ్ పౌడర్ పలచగా చల్లాను. అతినీలలోహిత టార్చి కూడా వాడతాను, దాని కింద ఎలుకల మూత్రం మెరుస్తుంది. కానీ బట్టల సబ్బు పొడి కూడా మెరుస్తుంది, అందుకే నాకు పౌడర్ మీదే నమ్మకం. మర్నాడు పొద్దున అడుగుల జాడలు చూస్తే ఫ్రిజ్ చుట్టూ ముగ్గు వేసినట్టున్నాయి.

ఫ్రిజ్ వెనక మోటారు ఉండే అరలో, వెచ్చటి చోట, గూడు దొరికింది. చింపిన కాగితాలు, గుడ్డ పీలికలు, వాటి మధ్య ఆరు పిల్లలు. ఒంటి మీద సన్నటి బొచ్చు వచ్చింది, కళ్లు ఇంకా తెరవలేదు. చిట్టెలుక పిల్లలు పుట్టిన రెండు వారాలకు కళ్లు తెరుస్తాయి. అంటే నేను ఆ వంటింట్లో మొదటిసారి నిలబడి "పైవాటి పిల్లలు" అన్న రోజుకు అటూ ఇటూగా పుట్టినవి. ఇంకో సంగతి కూడా తెలిసింది. తల్లి పోయి రెండు రోజులైనా పిల్లలు పుష్టిగా ఉన్నాయి. చిట్టెలుకల్లో ఆడవి గూడు పంచుకుని ఒకదాని పిల్లలకు ఇంకొకటి పాలిస్తాయి. కాబట్టి ఇంకో ఆడది, లేదా ఇద్దరు తల్లులు, ఇంట్లోనే ఉన్నాయి. ఆ పిల్లల పని ముగించడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. కానీ వదిలేస్తే ఆరు వారాలకల్లా అవి కూడా ఈనడానికి సిద్ధమవుతాయి. గర్భం మూడు వారాలే.

తర్వాత దారులు వెతికాను. చిట్టెలుకకు 6 మిల్లీమీటర్ల సందు చాలు, పెన్సిల్ దూరితే అది దూరినట్టే లెక్క. ఎలుకకు దానికి రెట్టింపు ఉంటే సరిపోతుంది. అందుకే జేబులో ఒక పెన్సిల్ పెట్టుకుని ఇల్లంతా మోకాళ్ల మీద తిరుగుతాను. వంటింటి వైపు మూడు దారులు దొరికాయి. సింక్ పైపు గోడలోకి పోయే చోట చుట్టూ సందు. వెనక తలుపు అడుగున ఒక మూల తలుపు చెక్క అరిగిన చోట వేలెడు ఖాళీ. మూడోది అల్మారా వెనక, పాత గోడా కొత్త గోడా కలిసే చోట నిలువుగా పడిన బీట. ఈ మూడోది అల్మారా అడుగు పలక ఊడదీస్తే గానీ కనిపించలేదు. కలిపి కట్టిన ఇళ్లలో ఆ అతుకు నేను ఎప్పుడూ చూస్తాను, కానీ ఆ మొదటి రోజు చూడలేదు.

పైన ఏసీ పైపు గోడలోంచి పోయే రంధ్రంలో ఫోమ్ నింపి ఉంది. దాన్ని కొరికి గుండ్రటి దారి చేసుకున్నాయి. ఫోమ్ ఒక్కటే నింపితే ఎలుకకు అది అడ్డే కాదు. పక్కనే ఒక చెట్టు కొమ్మ డాబా అంచుకు అరమీటరు దూరంలో ఉంది. నీళ్ల ట్యాంకు పొంగి చుక్కలు కారుతూ పైన చిన్న మడుగు కట్టింది. కొమ్మ మీంచి డాబా, డాబా మీద నీళ్లు, పక్కనే లోపలికి రంధ్రం. చిన్నా పెద్దా కలిపి ఇల్లంతా తొమ్మిది రంధ్రాలు లెక్కపెట్టి ఒక కాగితం మీద బొమ్మ గీసి పెద్దావిడకు ఇచ్చాను.

ఇక తిండి సంగతి. వంటింటి సరుకులు ఆవిడ మూత గట్టిగా ఉండే డబ్బాల్లోనే పెట్టారు, అక్కడ లోటు లేదు. పెద్దాయన మాత్రం రోజూ వెనక గట్టు మీద పిట్టలకు గింజలు వేస్తారు. రాత్రి మిగిలిన గింజలు ఎవరు తింటున్నారో పౌడర్ జాడలే చెప్పాయి. మానేయమని చెప్పడానికి నాకు మనసు రాలేదు, పొద్దున అరగంట ఆయన అక్కడే కూర్చుంటారు. పళ్లెంలో వేయమని, పొద్దుగూకక ముందే పళ్లెం లోపలికి తీసి గట్టు తుడవమని చెప్పాను. ఆయన ఒక్క రోజు కూడా తప్పలేదు.

పనిని రెండుగా విడదీశాను, ఎందుకంటే మూసే వరుస రెండింటికీ ఒకటి కాదు. వంటింట్లో పదకొండో రోజునే మూడు దారులూ మూసి, ఆ రాత్రే చిట్టెలుక సైజు బోనులు పద్నాలుగు పెట్టాను. ఒక్కోదానికి మధ్య దూరం రెండు మీటర్ల లోపే. బోను గోడకు అడ్డంగా, మీట ఉన్న వైపు గోడకు ఆనేలా పెట్టాలి. అవి గోడ వెంటే నడుస్తాయి కాబట్టి అటునుంచి వచ్చినా ఇటునుంచి వచ్చినా మీట మీదే కాలు పడుతుంది. ఎర వేరుశెనగ ముద్ద, పప్పుగింజంత మాత్రమే. ఎక్కువ పెడితే అంచున నిలబడి నాకి పోతుంది. నాలుగు బోనులకు తిండి బదులు దూది పింజ దారంతో కట్టాను. గూడు కట్టుకునే ఆడది తిండి కంటే దూది కోసం ముందు వస్తుంది. మొదటి రాత్రి నాలుగు పడ్డాయి, అందులో రెండు దూది బోనుల్లో. రెండో రాత్రి మూడు, మూడో రాత్రి రెండు. తర్వాత ఐదు రాత్రుల్లో ఇంకో రెండు. మొత్తం పదకొండు. ఆపైన పౌడర్ మీద జాడ లేదు.

సీలింగ్ వైపు తొందరపడితే నష్టం. బయట రంధ్రం ముందే మూసేస్తే లోపలున్నవి బయటికి దారి కోసం సీలింగ్‌నూ వైర్లనూ కొరుకుతాయి, లేదా లోపలే చచ్చి మళ్లీ కంపు కొడుతుంది. అందుకే ఏసీ రంధ్రం ఒక్కటి వదిలి పైనున్న మిగతావన్నీ మూశాను. కొమ్మ కొట్టించి, ట్యాంకు వాల్వు మార్పించాను. ఒక బోను అప్పటికే పేలి ఎలుక తప్పించుకుంది కాబట్టి పాత చోట్లలో మళ్లీ పెట్టలేదు. బోనులను జిడ్డు మరక ఉన్న దూలం మీదికి మార్చి, పలకకు తీగతో కట్టి, ఎర పెట్టి, ఎక్కుపెట్టకుండా వదిలేశాను. తీగతో కట్టకపోతే సగం చచ్చిన ఎలుక బోనుతో సహా అందని మూలకు లాక్కుపోతుంది. మొదటి రెండు రాత్రులు ఎర ముట్టుకోలేదు. మూడో రాత్రి ఒక బోను దగ్గర, ఆరో రాత్రికి అన్ని చోట్లా తినేశాయి. పదిహేడో రోజు సాయంత్రం అన్నీ ఒకేసారి ఎక్కుపెట్టాను. ఆ రాత్రి మూడు పడ్డాయి, మర్నాడు ఒకటి, ఒక రాత్రి విడిచి ఇంకొకటి. తర్వాత ఏడు రాత్రులు నిశ్శబ్దం. ఇరవై ఎనిమిదో రోజు చివరి రంధ్రం మూశాను.

మూయడానికి వాడింది తుప్పు పట్టని స్టీలు పీచు, దాని పైన సిమెంటు. పెద్ద రంధ్రానికి 6 మిల్లీమీటర్ల కన్నుల వెల్డు జాలి వేసి అంచులు సిమెంటులో పాతాను. తలుపు అడుగున రేకు పట్టీ. ఖర్చంతా కలిపినా వాళ్లు అంతకుముందు మందులకూ ఆ శబ్దం పరికరానికీ పెట్టినదానికంటే తక్కువే. ఆ పరికరం ప్లగ్‌లోనే ఉండగా ఫ్రిజ్ వెనక పిల్లలు పుట్టాయి. ఆ శబ్దం గోడలనూ సామాన్లనూ దాటి పోదు, దగ్గరున్నవి కూడా కొద్ది రోజుల్లో అలవాటు పడిపోతాయి.

మందు బిళ్లల గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఈ ఇంట్లో నన్ను నిజంగా భయపెట్టింది అదే. వాళ్లు పద్నాలుగు బిళ్లలు పెట్టినట్టు గుర్తు. నాకు దొరికినవి తొమ్మిది. సీలింగ్ శుభ్రం చేస్తుంటే ఇంకో రెండు ఒక మూల పోగుగా కనిపించాయి. ఎలుకలు తినకుండా మోసుకుపోయి దాచాయి. సరిగ్గా దాని కింద గది పాపకోసం సిద్ధం చేసింది. సీలింగ్ పలక సందులోంచి ఒక ముక్క మంచం మీద పడి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడానికే ఒళ్లు జలదరించింది. మందు తప్పనిసరైతే తాళం ఉండే పెట్టెలో, లోపల కడ్డీకి గుచ్చి పెట్టాలి.

ఇప్పటి బిళ్లల్లో ఎక్కువ భాగం రక్తం గడ్డకట్టకుండా చేసేవి. శరీరంలో విటమిన్ కె పనిని అడ్డుకుంటాయి. ఎలుక చావడానికి కొద్ది రోజులు పడుతుంది, ఈలోగా అది ఎక్కడైనా దూరవచ్చు. దాహమేసి బయటికి పోయి చస్తుందన్నది నిజం కాదు, చాలావరకు గూట్లోనే చస్తుంది. ఆ ఎలుకను తిన్న పిల్లికీ గుడ్లగూబకూ విషం ఎక్కుతుంది. పిల్లలు గానీ పెంపుడు కుక్క గానీ ఆ బిళ్ల నోట్లో పెట్టుకుంటే లక్షణాలు కనిపించేదాకా ఆగొద్దు, అవి కొన్ని రోజులకు గానీ రావు. ప్యాకెట్ చేతిలో పట్టుకుని వెంటనే డాక్టరు దగ్గరికి పోవాలి. దీనికి విటమిన్ కె1 విరుగుడుగా ఉంది. జింక్ ఫాస్ఫైడ్ పొడి సంగతి వేరు. కడుపులో ఫాస్ఫిన్ అనే విషవాయువు పుట్టిస్తుంది, దానికి విరుగుడు లేదు. ఇంట్లో దాన్ని ఉంచనే ఉంచొద్దు.

చివరి రెండు రోజులు శుభ్రానికి పట్టింది. ఎలుకల పెంటికలను పొడిగా ఊడవకూడదు, వాక్యూమ్ కూడా పెట్టకూడదు. దుమ్ముతో పాటు రోగకారకాలు గాల్లోకి లేస్తాయి. హంటావైరస్ అలాగే సోకుతుంది. లెప్టోస్పైరోసిస్ మూత్రం తగిలిన తడి ద్వారా, చర్మం మీద గీతలూ పుండ్లూ ఉంటే తేలిగ్గా వస్తుంది. కిటికీలు తెరిచి అరగంట గాలి ఆడనిచ్చాం. చేతులకు గ్లౌజులు, ముఖానికి మాస్కు వేసుకున్నాం. ఒక వంతు బ్లీచుకు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి పెంటికలు పూర్తిగా తడిసేలా చల్లి, ఐదు నిమిషాలు ఆగి, కాగితంతో ఎత్తి సంచిలో కట్టాం. బ్లీచులో ఇంకే క్లీనరూ కలపకూడదు, విషవాయువు పుడుతుంది. సీలింగ్ పైన మూత్రం పీల్చుకున్న దూదిపరుపు లాంటి పొరనంతా తీసి పారేశాం. ఆ రెండు బిళ్లల ముక్కల కోసం ప్రతి పలకా తిరగేసి చూశాను. మిగతా మూడు దొరకలేదు, వాటిని తినేశాయనే అనుకోవాలి.

ముప్పై ఐదో రోజు కూతురు, పాప వచ్చారు. నేను ముందురోజు సాయంత్రం చల్లిన పౌడర్ ఆ పొద్దున చెక్కుచెదరకుండా ఉంది.

మూడో నెలలో మళ్లీ ఫోన్ వచ్చింది, సింక్ కింద చిన్న పెంటికలు. ఈసారి ఆవిడే "చిట్టెలుకవి బాబూ, నాలుగు మిల్లీమీటర్లే ఉన్నాయి" అన్నారు. ఆ మధ్య పైపు మార్చినవాళ్లు నా సిమెంటు పగలగొట్టి, రంధ్రం అలాగే వదిలి పోయారు. రెండు రాత్రుల్లో రెండు పడ్డాయి, రంధ్రం మూశాను. అప్పటినుంచి ఆ తొమ్మిది రంధ్రాల కాగితం సింక్ పైన అల్మారా తలుపు లోపలివైపు అంటించి ఉంది. పనివాళ్లు ఎవరొచ్చినా ఆవిడ ముందు అది చూపిస్తారు.

ఆరో నెలలో చూడ్డానికి వెళ్లాను. ఇల్లు శుభ్రంగా ఉంది, పౌడర్ మీద జాడ లేదు. కాగితం మీద నా బొమ్మ కింద ఆవిడ చేతిరాతతో పదో రంధ్రం రాసి ఉంది, కొత్తగా వేయించిన ఇంటర్నెట్ కేబుల్‌ది. పోయి చూస్తే స్టీలు పీచు ఆవిడే గట్టిగా కూరి పెట్టారు. నేను పైన సిమెంటు రాసి వచ్చాను.